ఇనుముకి పాపం అంటుతుందా?

మనుషుల సరదాలకి లెక్కాపత్రం లేదు. తపాలాబిళ్ళలు దాచేవాళ్ళున్నారు, పాత నాణేలు పోగేసేవాళ్ళున్నారు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు అంటించుకునేవాళ్ళున్నారు. “ఈ చెత్తంతా ఎక్కడ సర్దను?” అని ఇల్లాలు విసుక్కోవడం, “దీని విలువ నీకేం తెలుసు!” అని ఆయనగారు గంభీరంగా అనడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కాని పాతకాలపు జర్మన్ పల్లెటూరి పోలీసుల పిస్తోళ్ళు పోగుచేసేవాళ్ళు కూడా ఉన్నారంటే నమ్ముతారా? పోగుచెయ్యడమే కాదు, ఒక్కో పిస్తోలు పుట్టుపూర్వోత్తరాలు ఏళ్ళ తరబడి వెతుకుతారు.

ప్రష్యా రాజ్యం 1812లో పల్లెల కాపలాకి జెండార్మెరీ అనే దళాన్ని ఏర్పాటు చేసింది. సైన్యంలో చాలాకాలం పనిచేసిన వాళ్ళనే అందులోకి తీసుకునేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక, 1920లో, దాని పేరు లాండ్‌యేగరై అని మార్చారు. 1934లో మళ్ళీ పాత పేరే పెట్టారు. అన్నట్టు, లాండ్‌యేగర్ అంటే ఆ దేశంలో ఎండబెట్టిన ఓ రకం మాంసపు వంటకం కూడాను. పోలీసుకీ పలహారానికీ ఒకటే పేరు!

ఆ పిస్తోళ్ళకీ కథలున్నాయి. శాక్సనీ రాజ్యపు పల్లె పోలీసులకి ఇచ్చినది డ్రైజే అనే పిస్తోలు, 1907 నాటి నమూనా. డ్రైజే అనే ఆయన 1867లోనే పోయాడు. తయారుచేసింది లూయీ ష్మైసర్. ఫ్యాక్టరీ చేతులు మారినా, గిరాకీ ఉన్న పాత పేరే ఉంచేశారు. పోయినవాడి పేరుతో వ్యాపారం చెయ్యడం మనకీ కొత్త కాదు.

ఇక ప్రష్యాలో లూగర్ పిస్తోళ్ళుండేవి. పిడి ముందువైపు పొడి అక్షరాలు కొట్టేవారు. మొదటిది దళం గుర్తు, తర్వాతది జిల్లా గుర్తు, చివర ఆ పిస్తోలు అంకె. పెళ్ళిలో వచ్చిన బిందె మీద ఇచ్చినవారి పేరూ, పుచ్చుకున్నవారి పేరూ, తేదీ మనం కొట్టించుకోమూ? పేరంటానికి పొరుగింటికి వెళ్ళిన గిన్నె తిరిగి మనింటికే రావాలని కదా ఆ జాగ్రత్త! పోలీసుశాఖ వారిదీ అచ్చంగా ఇల్లాలి బుద్ధే. ఆ నాలుగు అక్షరాల ఆధారంతోనే ఇవాళ పరిశోధకులు పిస్తోలు ఏ జిల్లాలో కాపురం చేసిందో చెప్పగలుగుతున్నారు.

జర్మనీ చట్టం ఇంకో తమాషా చేసింది. ఆయుధాలు పోగుచేసుకుంటానన్నవాడు “నాకు సరదా” అంటే సరిపోదు. తన సేకరణకి చరిత్ర దృష్ట్యా, సంస్కృతి దృష్ట్యా ప్రాముఖ్యం ఉందని రుజువు చేసుకోవాలి. అంటే సరదా కాస్తా చదువైతే గాని అనుమతి రాదన్నమాట. చీరలు కొనుక్కోవడానికి ఇలాంటి చట్టం లేదు కాబట్టి మనం బతికిపోయాం.

ఇంతవరకూ నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. ఇక్కణ్ణించి నవ్వలేం.

1936లో జర్మనీ పోలీసు దళాలన్నీ హిమ్లర్ చేతికిందికి వెళ్ళాయి. యుద్ధం వచ్చాక ఈ పల్లె పోలీసులనే తూర్పున ఆక్రమించిన దేశాలకి పంపారు. దొంగతనాలూ సరిహద్దు తగాదాలూ చూసుకున్న శాఖే అక్కడి పల్లెల్లో యూదులని, పిల్లాపాపలతో సహా, చంపే పనిలో పాలుపంచుకుంది. పిడి మీద జిల్లా ఉంటుంది, అంకె ఉంటుంది. ఎవరి మీదికి గురిపెట్టారో ఉండదు.

“ఇనుముదేం తప్పు? మనిషిదే తప్పు” అంటారు చాలామంది. సగం నిజమే. బెలారూస్‌లోని మీర్ అనే ఊళ్ళో జరిగినది చూడండి. ఓస్వాల్డ్ రూఫైసెన్ అనే యూదు యువకుడు తన పుట్టుక దాచి అక్కడి జెండార్మెరీ ఠాణాలో దుబాసీగా చేరాడు. ఆ ఠాణా ఆయుధాలనే రహస్యంగా, పాత కోటలో నిర్బంధంలో ఉన్న యూదులకి చేరవేశాడు. చంపబోయే రోజు ముందుగా చెప్పేశాడు. 1942 ఆగస్టులో సుమారు 200 మంది తప్పించుకున్నారు. మిగిలినవాళ్ళని చంపేశారు. చూశారా, ఒకే ఠాణా గదిలోని తుపాకుల్లో కొన్ని చంపడానికి, కొన్ని బతకడానికి!

అయినా మిగతా సగం వదిలెయ్యలేను. కత్తిపీట పొరపాటున వేలు కోస్తుంది, రోజూ మాత్రం కూరే తరుగుతుంది. పిస్తోలుకి తరగడానికి కూర లేదు. దాన్ని చేసిందే ఒక్క పనికి. అందుకని “పాపం, దానికేం తెలుసు” అని దాన్ని పసిపిల్లని చేసి ముద్దులాడటం నాకు మనసొప్పదు. అలాగని అన్నీ కరిగించి పారెయ్యమనీ అనలేను. సాక్షి నచ్చలేదని సాక్షిని మాయం చేస్తే మేలు ఎవరికి? నేరం చేసినవాడికే గదా.

వస్తువుకి పాపం అంటదేమో. కాని దాన్ని దాచుకున్నవాడికి ఒక బాధ్యత అంటుతుంది. ఆ పిస్తోలు 1925లో ఏ జిల్లాలో ఉందో మెరిసే కళ్ళతో చెప్పేవాడు, 1942లో ఎక్కడుందో కూడా అంతే పట్టుదలగా వెతకాలి. తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచాలి గాని, అసలు గడే లేకుండా గీతలు గీసుకోకూడదు. మనం మాత్రం? బీరువాలోని పాత నగ చూపించి “మా అత్తగారి తల్లిగారిది” అని మురిసిపోతాం. అది ఏ కష్టంలో ఎవరి చేతినించి వచ్చిందో అడిగే ఓపిక మనలో ఎంతమందికుందో మీరే చెప్పండి.