ఒకే సూదిలో రెండు ధర్మాలు

ఏటా మే నెల నడుమ గుడియాత్తం జాతరలో గంగమ్మ తల్లి సిరసు ఊరేగుతుంటే వీధి పట్టనంత జనం, దారి పొడవునా పగిలే కొబ్బరికాయలు. ఊరిని అమ్మే కాపాడుతుందని నమ్మే ఇంట్లో పదేళ్ల పిల్లకు సూది దేనికి? ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు.

ఆ సూది టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) రెండింటికీ కలిపి వేసే టీకా. పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి, గర్భిణులకూ వేస్తారు. పసితనంలో వేయించిన టీకాల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది మరి.

ధనుర్వాతం మట్టిలోంచి గాయంలోకి దిగుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. ఊరంతా టీకా వేయించుకున్నా, వేయించుకోని ఒక్కడికి రక్ష లేదు. ఎవరి ఒళ్లు వాళ్లే కాచుకోవాలి. కంఠసర్పి అలా కాదు. దగ్గుతో, తుమ్ముతో పక్కవాడి గొంతులోకి పాకుతుంది. ఎక్కువమంది వేయించుకుంటే దాని వ్యాప్తి తగ్గి, టీకా అందని పసిబిడ్డకూ కొంత కాపు దొరుకుతుంది.

ఆత్మరక్షణ, పరహితం రెండూ ఒకే మందులో ఉన్నాయి. జాతరలో మొక్కు ఊరందరి మేలు కోసమే కదా! అలాంటప్పుడు భక్తికీ టీకాకూ పోటీ పెట్టడం తప్పు.

బడిలో టీడీ వేసే రోజున పిల్లల్ని ఇంట్లో ఆపకండి. పెద్దలూ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో తమ సంగతి అడిగి తెలుసుకోండి.