చిల్లర ఎవరికి కావాలి?

సాలూరు మెయిన్ రోడ్డు మీద టీ కొట్టుకి వెళ్లినా, లారీ బాడీలు కట్టే షెడ్డుకి వెళ్లినా ఇప్పుడు ముందు కనపడేది క్యూఆర్ కోడ్ అట్ట. డబ్బు పడగానే పక్కనున్న స్పీకరు పెట్టె ఎంత పడిందో వీధికంతా వినపడేలా చెబుతుంది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది నవంబర్ 8న పెద్ద నోట్ల రద్దుతో చలామణీలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. ఆ తరవాత అలవాట్లు మారిపోయాయి. హైదరాబాద్‌లో నాతో పనిచేసేవాళ్లలో పర్సు పెట్టుకోవడమే మానేసినవాళ్లున్నారు. రూపాయి బిళ్లలు, పది రూపాయల నోట్లు ఇంకా ఎందుకు అచ్చువేస్తున్నారని వాళ్లకి నిజంగానే ఆశ్చర్యం.

ఇదే ప్రశ్న బ్రిటన్‌లోనూ నడుస్తోంది. అక్కడ ఒక పెన్నీ, రెండు పెన్నీల బిళ్లలు చాలా ఇళ్లలో సీసాల్లో పడి ఉంటాయి. 2019లో అక్కడొక స్వతంత్ర సమీక్ష, నగదు లేకుండా బతకడం కష్టమయ్యేవాళ్లు ఎనభై లక్షల మందికి పైగా ఉంటారని లెక్కగట్టింది. 2023లో చట్టం చేసి, నగదు తీసుకోవడానికీ, జమ చేసుకోవడానికీ వీలు తగ్గిపోకుండా చూసే అధికారం నియంత్రణ సంస్థకి ఇచ్చారు. అయితే ఆ నగదుని కొట్టువాడు పుచ్చుకుని తీరాలని మాత్రం ఆ చట్టంలో లేదు. డబ్బు చేతికి రావడానికి హామీ ఉంది, అది చెల్లే చోటుకి లేదు. ఈ తేడా సంగతి తరవాత మళ్లీ చూద్దాం.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. తెలుగులో చిల్లర అనే మాటకి మర్యాద తక్కువ. చిల్లర మనిషి, చిల్లర వేషాలు, చిల్లర గొడవ. నాణేలు పోయాక మాత్రం వాటి పేర్లకి గౌరవం వస్తుంది. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి అణాల లెక్క పోయింది గానీ పదహారణాల తెలుగుదనం పోలేదు. 2011 జూన్ 30తో పావలా బిళ్ల చెల్లుబాటు ఆగింది, పావలా అనే మాట ఆగలేదు. కాబట్టి చిల్లర గురించి రాసేటప్పుడు పాతరోజుల మీద బెంగలోకి జారిపోవడం చాలా తేలిక. బిళ్లల చప్పుడు, కిడ్డీబ్యాంకు, దేవుడి హుండీ, ఇలా ఎన్నైనా రాసుకోవచ్చు. కానీ చప్పుడు బావుంటుందని ఎవరూ డబ్బు వాడరు.

అసలు నిజమేమిటంటే, చిన్న మొత్తాలని ఇంత గౌరవంగా చూసింది యూపీఐ ఒక్కటే. కిరాణా కొట్లో మూడు రూపాయలు తిరిగి రావలసిన చోట మూడు చాక్లెట్లు చేతిలో పెట్టిన రోజులు మనందరికీ గుర్తే. ఆ చాక్లెట్లే మర్నాడు పట్టుకెళ్లి ఇస్తే డబ్బుగా తీసుకునేవాళ్లు కాదు. సర్దుబాటు ఎప్పుడూ ఒక వైపే జరిగేది. ఇప్పుడు నలభై ఏడంటే నలభై ఏడే. 2020 జనవరి నుంచి ఈ చెల్లింపుల మీద కొట్టువాడికి బ్యాంకు రుసుం కూడా లేదు. చిల్లర అంటే కేవలం చిన్న మొత్తం అనుకుంటే ఫోన్ గెలిచింది, చర్చ అయిపోయింది.

కానీ బిళ్లలో చిన్న మొత్తం ఒక్కటే లేదు. నేను సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. నేను ఫోన్‌లో పది రూపాయలు కొడితే ఏ వస్తువూ ఒక చోటినుంచి ఇంకో చోటికి కదలదు. నా యాప్ నుంచి ఒక సందేశం ఎన్‌పీసీఐకి వెళ్తుంది, అక్కణ్ణుంచి నా బ్యాంకుకీ, అవతలివాళ్ల బ్యాంకుకీ. ఒక పద్దులో పది తగ్గుతుంది, ఇంకో పద్దులో పది పెరుగుతుంది. మధ్యలో ఎక్కడైనా జవాబు ఆలస్యమైతే 'పెండింగ్' అనే స్థితి వస్తుంది: నా దగ్గర పోయింది, అతనికి రాలేదు. 2025 మార్చి 26న ఒకసారి, ఏప్రిల్ 12న ఇంకోసారి యూపీఐ మొరాయించినప్పుడు దేశంలో చాలామందికి ఆ స్థితి రుచి తెలిసింది. చేతిలో పెట్టిన పది రూపాయల బిళ్లకి పెండింగ్ లేదు. ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ తప్ప మూడో మనిషి ఒప్పుకోనక్కర్లేదు, రాసుకోనక్కర్లేదు. లెక్క అక్కడికక్కడే తీరిపోతుంది.

ఆఫ్‌లైన్‌లో పనిచేసే చెల్లింపులు వస్తున్నాయి, మామూలు బటన్ ఫోన్లకి 2022లోనే ఒక పద్ధతి వచ్చింది, సిగ్నల్ సమస్య ఎప్పటికో తీరుతుంది అనొచ్చు. తీరవచ్చు. అప్పుడు కూడా అది పద్దే. నాకు పద్దంటే ఇంత పట్టింపు ఎందుకంటే, సాలూరు పైనున్న కొండల్లో ఆ మాటకి పెద్ద చరిత్రే ఉంది.

జాతాపులు, సవరలు, కొండదొరలు, గదబలు ఉండే ఈ ఏజెన్సీలో తరాలపాటు అప్పు నడిచింది పద్దుమీదే. తిండికి కటకటగా ఉండే వానాకాలంలో గింజలు తెచ్చుకోవడం, పంట చేతికొచ్చాక షావుకారికి కొలవడం. ఎంత తెచ్చుకున్నారో, ఎంత తీర్చారో రాసేది షావుకారు. దాన్ని చదవగలిగినదీ అతనే. ఏజెన్సీలో వడ్డీలనీ, భూమి చేతులు మారడాన్నీ అదుపు చెయ్యడానికి మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఒక చట్టం తేవలసి వచ్చిందంటే పద్దు ఎక్కడిదాకా పోయిందో ఊహించుకోవచ్చు. గింజల అప్పు చివరికి భూమి దగ్గర తేలేది. దళారీ లేకుండా చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు కొనడానికీ, కావలసిన సరుకులు డిపోల్లో అమ్మడానికీ 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అయినా 1960ల్లో పార్వతీపురం ఏజెన్సీలో రాజుకుని, శ్రీకాకుళం పేరుతో చరిత్రకెక్కిన గిరిజన పోరాటానికి ఉన్న కారణాల్లో భూమితోపాటు ఆ అప్పులూ ఉన్నాయి.

ఈ నేపథ్యంలో, సరుకు దించగానే చేతిలో పడే నగదు చిన్న విషయం కాదు. ఎవరి పుస్తకంలోనూ పేరు మిగలకుండా సంత నుంచి ఇంటికి వెళ్లడం అది. 1900లో వచ్చిన 'డబ్బు తత్త్వశాస్త్రం'లో జర్మన్ ఆలోచనాపరుడు గియోర్గ్ జిమ్మెల్ ఇంచుమించు ఈ మాటే ఇంకో విధంగా అన్నాడు. పండిన దాంట్లో ఇంత కొలవాలి, ఇన్ని రోజులు చాకిరీ చెయ్యాలి అనే బాధ్యత డబ్బుగా మారినప్పుడు, రైతు ఆ ఫలానా మనిషి చేతిలోంచి కొంత బయటపడతాడని.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నాణెం కొండలకి విముక్తి తెస్తానంటూ రాలేదు. చాలాచోట్ల పన్నుగా వచ్చింది. గోదావరి ఏజెన్సీలో 1879 నాటి రంప తిరుగుబాటుకి కల్లు మీద వేసిన పన్ను ఒక ముఖ్యకారణం. డేవిడ్ గ్రేబర్ తన అప్పు చరిత్రలో మడగాస్కర్ ఉదాహరణ చెబుతాడు: ఫ్రెంచివాళ్లు ముందు తలపన్ను వేశారు, దాన్ని కట్టడానికి జనం డబ్బు కోసం అమ్ముకోక తప్పలేదు. పైగా నగదుతో మోసాలు లేవా? లెక్క తెలియనివాళ్లకి తక్కువ ఇచ్చి పంపడం, తూకంలో కొట్టెయ్యడం నగదు రాజ్యమేలిన రోజుల్లోనే జరిగాయి. ఇప్పుడు ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడడంవల్ల మధ్యలో చేతివాటాలు తగ్గాయి కూడా. ఇవన్నీ నిజాలే. నగదు పవిత్రమని నేననను. వద్దనుకున్నప్పుడు పద్దులోంచి బయటికి రావడానికి అదొక దారి అంటాను. ఆ దారి అందరికీ ఒకే మోతాదులో అవసరం ఉండదు.

నాకు ఆ అవసరం దాదాపు లేదు. నా ఫోన్ నాదే, ఖాతా నాదే, ఏదైనా తేడా వస్తే ఇంగ్లీషులో ఫిర్యాదు రాయగలను. కొండమీద నుంచి అడ్డాకుల కట్టలు మోసుకొచ్చిన మనిషి సంగతి వేరు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే అది ఎక్కువసార్లు కొడుకుదో భర్తదో అయ్యుంటుంది. డబ్బు ఫోన్‌కి కొడితే ఆకు కోసినామె కష్టం ఫోనున్నవాళ్ల ఖాతాలో పడుతుంది. చేతికిస్తే కనీసం ఆ సంత దాటేవరకూ ఆమెదే. ఉప్పు, ఎండుచేపలు, సబ్బు, పిల్లలకి జంతికలు ఏం కొనాలో అక్కడే ఆమే తేల్చుకుంటుంది. ఖాతాలో పడిన డబ్బు బయటికి తియ్యాలంటే వేలిముద్ర పడాలి. ఏళ్ల తరబడి పనిచేసి అరిగిపోయిన వేళ్లని ఆ యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు.

ఇక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటారు. "సరే, వాళ్లు నగదు వాడుకోనీ, మేం ఫోన్ వాడుకుంటాం, ఎవరి వీలు వాళ్లది" అంటారు. నైతికమైన చిక్కు ఉన్నదంతా ఈ మాటలోనే ఉంది. చిల్లర ఒక్కరు వాడుకుంటే ఉండే వస్తువు కాదు. పొలం గట్టుమీద కాలిబాటలాంటిది, పదిమంది నడిస్తేనే బాటగా ఉంటుంది. పొద్దున్నించి నాలాంటివాళ్లు యాభైమంది టీకి పది రూపాయలు చేతికిస్తే, మధ్యాహ్నానికి గల్లాపెట్టెలో యాభై పదులు ఉంటాయి. ఆ యాభైమందీ ఫోన్ కొడితే గల్లా ఖాళీ. అప్పుడు ఐదువందల నోటుతో ఒక మనిషి వస్తుంది. ఆమెకా నోటు పింఛనుగానో, కూలిగానో వచ్చింది. కావలసింది అరవై రూపాయల సరుకు.

"చిల్లర నేదప్పా, ఇంకేటైనా తీసుకో."

ఇంకేదైనా తీసుకుంటే అక్కర్లేని ఖర్చు. తీసుకోకపోతే, "మిగతాది వచ్చే సంతకి ఇత్తాన్లే" అని కొట్టువాడు నోట్‌బుక్కు తీస్తాడు. అంతా మంచివాళ్లే. టీ తాగినవాళ్లది తప్పు కాదు, కొట్టువాడు మోసగాడూ కాదు. అయినా కొండల్లో ఇంతకాలం పట్టి వదిలించుకున్న పద్దు, ఈసారి మన సౌకర్యం తలుపు తీస్తే లోపలికొచ్చి కూర్చుంది. ఆమె డబ్బే, ఇంకొకరి పుస్తకంలో.

చిల్లర వాడడం మానేసినప్పుడు మనం ఒక సొంత అలవాటు మార్చుకున్నామనే అనుకుంటాం. దాని ఖర్చు మాత్రం మన లెక్కలో కనపడదు, ఇంకొకరి బేరంలో తేలుతుంది. ఇందులో నోట్లు లేకపోవడం అనే సమస్యే లేదు. 2016 నవంబర్లో సుమారు 18 లక్షల కోట్లున్న నగదు 2022 నాటికి 30 లక్షల కోట్లు దాటింది. కరువు ఎక్కడంటే, అందులో విరిగే డబ్బుకి. ఈ సంగతి రిజర్వు బ్యాంకుకీ తెలిసినట్టే ఉంది. 2026 మార్చి ఆఖరుకల్లా తొంభై శాతం ఏటీఎంలలో వంద గానీ రెండువందలు గానీ వచ్చేలా చూడమని 2025 ఏప్రిల్లో బ్యాంకులకి చెప్పింది. మంచిదే. పది, ఇరవై మాత్రం మన చేతుల్లోంచే రావాలి.

పది రూపాయల బిళ్ల గురించీ ఒక మాట. ₹ గుర్తు లేనిది దొంగదని పుకారు పుట్టింది. పద్నాలుగు రకాల డిజైన్లలో వచ్చిన బిళ్లలన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయీ ఆపైన బిళ్లలు వెయ్యి రూపాయల దాకా చెల్లుబాటే. అయినా "ఇక్కడ నడవవండీ" అనే మాట చాలా ఊళ్లలో వింటూనే ఉన్నాం. బ్రిటన్ దగ్గర చెప్పిన తేడా ఇదే. చట్టం బిళ్లకి విలువ ఇవ్వగలదు, దాన్ని పుచ్చుకునే చెయ్యి ఇవ్వలేదు. మనలాంటివాళ్లం కాదన్న బిళ్లని, ఏమీ అడగలేని మనిషికి అంటగడతారు. ఆమె దగ్గరే అది చెల్లకుండా ఆగిపోతుంది.

నేను ఫోన్ మానెయ్యమనడం లేదు, నేనూ మానను. అద్దె, కరెంటు బిల్లు, రైలు టికెట్టు ఫోన్లోనే పోనిద్దాం, వాటివల్ల ఎవరి గల్లా ఖాళీ అవదు. టీ, కూరగాయలు, ఆటో, సంతలో పోగు పెట్టి అమ్మే ఉసిరికాయలు, వీటికి మాత్రం జేబులో నాలుగు పది నోట్లు, గుప్పెడు బిళ్లలు ఉంచుకోవడం పెద్ద త్యాగమేమీ కాదు. ఎవరైనా బిళ్లలిస్తే పేచీ పెట్టకుండా పుచ్చుకోవడం అసలే కాదు. దానధర్మాల లెక్కలో ఇది రాదు, ఎవరూ దండం పెట్టరు. మనం ఇచ్చిన ఆ పది, సాయంత్రం లోపల ఎవరో తెలియని మనిషికి రావలసిన బాకీగా చేతిలో పడుతుంది. ఆ రోజు కొట్టువాడు నోట్‌బుక్కు తియ్యడు.