తలరాతకి సీడ్ ఉందా?

పైథాన్‌లో సీడ్, అంటే మొదలుపెట్టే సంఖ్య, 42 అని ఇచ్చి పది ర్యాండమ్ అంకెలు అడగండి. రేపు మళ్ళీ అదే సీడ్ ఇస్తే అవే పది అంకెలు, అదే వరసలో వస్తాయి. సీడ్ తెలియనివాడికి అది యాదృచ్ఛికం, తెలిసినవాడికి ఉత్త లెక్క. అందుకే రహస్య సంకేతాలు తయారుచెయ్యాల్సి వస్తే కంప్యూటర్ తన లెక్కని తనే నమ్మదు, హార్డ్‌వేర్‌లోని ఎలక్ట్రానిక్ రొదని అరువు తెచ్చుకుంటుంది.

మరి ప్రకృతిలో? రేడియోధార్మిక పరమాణువు ఏ క్షణాన విచ్ఛిన్నమవుతుందో చెప్పే సీడ్ ఎవరికీ దొరకలేదు. 2022లో నోబెల్ అందుకున్న ప్రయోగాలైతే, కణాలు తమతో మోసుకొచ్చే రహస్య సీడ్ ఏదీ ఉండదని చాలావరకు తేల్చాయి. అక్కడ 'కారణం లేదు' అనడం సోమరితనం కాదు.

'కారణం లేదు', 'కారణం తెలీదు' అనే ఈ రెండు మాటల్నీ కలిపేస్తే ఏమవుతుందో ఉద్దానంలో చూడొచ్చు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస పల్లెల్లో మధుమేహం, రక్తపోటు లేనివాళ్ళకీ కిడ్నీలు పాడవుతున్నాయి. ఒకే నీళ్ళు తాగే ఇంట్లో ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. నీళ్ళా, ఎండా, పురుగుమందులా, వంశమా? ఏ ఒక్కటీ ఖాయంగా తేలలేదు. జనం తలరాత అంటారు, వైద్యులు 'కారణం తెలియనిది' అంటారు. మొదటి మాటతో వెతుకులాట ఆగిపోతుంది. రెండోది మన నెత్తిన అప్పుగా మిగులుతుంది.

పూర్తిగా తెలిస్తేనే ఏదైనా చెయ్యగలమనీ కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఏ జీడిచెట్టు కూలుతుందో ఎవరూ చెప్పలేదు. తుపాను వస్తోందని మాత్రం ముందే చెప్పగలిగారు.

నిజమైన యాదృచ్ఛికత పరమాణువులో ఉందనే అనుకుంటాను. ఉద్దానం విషయంలో ఆ మాట వాడే హక్కు మాత్రం మనకింకా రాలేదు.