పంక్తి నిండకపోయినా

రాజమహేంద్రవరం,
నవంబరు నెలాఖరు.

చి. బుజ్జికి,

నీ కచేరీ జరిగిన ఆ ఆదివారం తెల్లవారుజామున నీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నా నేనేమీ మాట్లాడలేదు. నువ్వు ఏడుపు ఆపుకుంటున్నావు. అలాంటప్పుడు ఎంత మంచి మాటైనా చెవికెక్కదు, పైగా గుచ్చుకుంటుంది. అందుకే పదిహేను రోజులు ఆగి రాస్తున్నాను. కొంచెం కఠినంగానే రాస్తాను తల్లీ, ఓపిగ్గా చదువు.

నీ కష్టం నేను కళ్లారా చూశాను. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్' అంటే కత్తులూ రాక్షసులూ అనుకునేవాణ్ణి. ఆ ఆటలో ల్యూట్, హార్ప్, ఫ్లూట్, డప్పు పట్టుకుని మనుషులు కచేరీలు చేసుకుంటారని నువ్వు చూపించాకే తెలిసింది. పాటను ఏబీసీ నొటేషన్‌లో మామూలు అక్షరాలుగా రాసి ఫైలు చేసుకోవడం, ఏ వాద్యం భాగం ఆ వాద్యానికి విడదీయడం, అందరూ 'సింక్'లో సిద్ధమయ్యాక నాయకుడు ఒక్క కమాండు కొట్టగానే బ్యాండంతా ఒకేసారి ఎత్తుకోవడం. ఆ శంకరాభరణం కీర్తన మీద నువ్వు నెలరోజులు కూర్చున్నావు. ఆ వాద్యాలకున్నవి మూడు స్థాయిలే. స్వరం ఊగదు, జారదు. గమకం పలకాల్సిన చోటల్లా స్వరాన్ని ముక్కలు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఎంత కాలం ఇవ్వాలో తూచి తూచి రాశావు. అర్ధరాత్రి నీ గదిలోంచి ఒక్క చరణం వినబడితే, మీ అమ్మ వంటింట్లో పని ఆపి నిలబడిపోయింది. అది నాకు గుర్తుంది.

నీ కచేరీకి నలభై మంది వస్తామన్నారు. బ్రీ ఊళ్లో ప్రాన్సింగ్ పోనీ సత్రం ముందుకి, నీ బ్యాండులోని నలుగురు గాక, వినడానికి వచ్చింది ఆరుగురు. రెండు పాటలు వాయించారు. తర్వాత నువ్వు, "ఈ ఆరుగురి కోసమా నేను నెలరోజులు చచ్చింది? ఇక చాలు, వెళ్లిపోండి" అని అందరికీ కనబడేలా రాసి లాగౌట్ అయిపోయావు. కీర్తన వాయించనే లేదు.

బుజ్జీ, జనం రాకపోవడం నీ తప్పు కాదు. వచ్చినవాళ్లని పొమ్మనడం మాత్రం నీ తప్పే. మన ఇళ్లలో పంక్తిలో కూర్చున్న మనిషిని విస్తరి ముందు నుంచి లేపడం ఎంత పెద్ద అవమానమో నీకు తెలుసు. దాన్ని తరతరాలు చెప్పుకుంటారు. పంక్తి నిండలేదని నువ్వు కూర్చున్న ఆరుగుర్నీ లేపేశావు. రానివాళ్ల మీద కోపం వచ్చింది. ఆ కోపం తగిలింది వచ్చినవాళ్లకి. రానివాళ్లకి ఆ మాట వినబడనైనా వినబడలేదు.

ఎందుకు రాలేదని అడుగుతున్నావు కదా. కొంత నేను ఆలోచించాను. నువ్వు 'వెదర్‌స్టాక్'ని చూసి కొలత పెట్టుకున్నావు. అది ఆ ఆటలో లోన్లీ మౌంటెన్ బ్యాండ్ అనే ఆటగాళ్ల బృందం వెదర్‌టాప్ కొండ మీద 2009లో మొదలుపెట్టిన సంగీతోత్సవం. కంపెనీ జరిపేది కాదు, నీలాంటివాళ్లు జరుపుకునేదే. అదే కొండ, అదే కాలం, ఏడాది తర్వాత ఏడాది. జనానికి అది అలవాటైంది. నీది మొదటి కచేరీ. మొదటి ఏడు నాటిన మొక్క పక్కన నిలబడి కాయలేవీ అని కోప్పడితే ఎలా?

ఇంకొకటి ఉంది, నాకు ఇది ముఖ్యంగా తోచింది. 'ఈవ్ ఆన్‌లైన్' అనే అంతరిక్షపు ఆటలో 2014 జనవరి 27, 28 తేదీల్లో ఒకే యుద్ధానికి 7,500 మందికి పైగా ఆటగాళ్లు దిగారు. 21 గంటలు సాగింది. ఏళ్ల తరబడి కూడబెట్టి కట్టుకున్న టైటాన్ నౌకలు 75 కూలాయి. ముందుగా ఎవరూ ఆహ్వానాలు పంపలేదు. ఒక కూటమి తన ముఖ్య స్థావరానికి కట్టాల్సిన బిల్లు కట్టడం తప్పిపోయింది, శత్రువులు మీద పడ్డారు, అంతే. అక్కడ రాకపోతే చేజారిపోయేది చాలా ఉంది, అందుకని వచ్చారు. గుంపుగా రాక్షసుల మీదికి రైడ్‌కి వెళ్లినా లూట్, అంటే కొల్లసొమ్ము, దొరుకుతుంది. నీ కచేరీకి వస్తే ఏ ఆయుధమూ దొరకదు, లెవెల్ పెరగదు, బిరుదు రాదు. ఆ గంటలో సంపాదించుకోవాల్సింది వదులుకుని రావాలి. అయినా ఆరుగురు వచ్చారంటే, పాట తప్ప వేరే ఆశ లేకుండా వచ్చారన్నమాట. ఏ బహుమతీ లేకుండా వచ్చిన ఆరుగురిని, బహుమతి కోసం వచ్చే వందమందితో ఒకే తక్కెడలో వేయకు.

నువ్వు పంపిన పిలుపు కూడా మళ్లీ చదివాను. సర్వర్ టైము, అంటే అమెరికా తూర్పుతీరపు టైము, శనివారం రాత్రి 8 అనీ, మన టైము ఆదివారం తెల్లవారి 5:30 అనీ రెండూ రాశావు. అక్టోబరులో రాసినప్పుడు ఆ లెక్క సరైనదే. అయితే అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి వాళ్ల తూర్పుతీరపు రాత్రి 8 మనకి 6:30. నీ కచేరీ పడింది రెండో ఆదివారం. నువ్వు 5:30కి మొదలుపెట్టి 5:50కి కట్టేశావు. అప్పటికి అక్కడ ఏడు దాటి ఇరవై నిమిషాలు. నువ్వు పిలిచిన ఎనిమిది ఇంకా కొట్టనే లేదు. అక్కడ ఎనిమిదయ్యేసరికి మనం వంటింట్లో కూర్చుని ఉప్మా తింటున్నాం. ఆ వేళకి సత్రం ముందుకి ఎవరు వచ్చారో, ఎంతమంది వచ్చి ఖాళీ మెట్లు చూసి తిరిగి వెళ్లారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ రోజు నుంచి నువ్వు ఆటలోకే వెళ్లలేదని మీ అమ్మ చెప్పింది. మరి రానివాళ్ల మీద అంత గట్టిగా తీర్పు ఎలా చెప్పావు?

ఈ బాధ నాకు తెలియనిది కాదు. మేడ మీద మన యాంటెన్నా తీగ ఇంకా ఉంది చూడు. 1990ల్లో ఆదివారం పొద్దున్న ఏడింటికి 40 మీటర్ల బ్యాండు మీద మా హామ్ రేడియోవాళ్ల నెట్ నడిచేది. ఒకరు కంట్రోల్‌గా కూర్చుని పిలుస్తారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తమ కాల్‌సైన్ చెప్పి హాజరు వేయించుకుంటారు. కొన్నాళ్లు నేనే కంట్రోల్‌ని. ఒక వానాకాలం పొద్దున్న, ఉరుముల గరగరలో పది నిమిషాలు పిలిస్తే ఇద్దరే పలికారు. విసుగొచ్చింది. "ఎవరికీ పట్టని పనికి నేనెందుకు లేవాలి" అని మైకులోనే అనేసి నెట్ మూసేశాను. అరగంట నడపాల్సినది.

మూడు వారాలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. శ్రీకాకుళం వైపు ఒక పల్లెటూరి బడిపంతులు రాశాడు. కొత్తగా లైసెన్సు వచ్చిందట, ట్రాన్స్‌మిటర్ తన చేత్తో తనే కట్టుకున్నాడట. నాలుగు నెలలుగా మా నెట్ వింటున్నాడు, మాట్లాడటానికి బెరుకు. ఆ ఆదివారమే మొదటిసారి తన కాల్‌సైన్ చెబుదామని కూర్చున్నాడు. వాల్వులు వేడెక్కి, గుండె చిక్కబట్టుకునేలోపు నేను మూసేశాను. కార్డులో ఒక్క నిందా లేదు. చివర్న మాత్రం, "మీ మాట చాలా స్పష్టంగా వినబడింది" అని ఉంది. సిగ్నల్ గురించి మేము మామూలుగా రాసుకునే మాటే అది. ఆ కార్డు చేత్తో పట్టుకుని నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

అదే రోజు జవాబు రాశాను. నేను అన్నది తప్పు, క్షమించండి, మళ్లీ రండి అని. సాకులేవీ రాయలేదు. రెండో ఆదివారం ఆయన గొంతు వినబడింది, సన్నగా, వణుకుతూ. ఆ తర్వాత ఎప్పుడూ నెట్‌ని చెప్పిన టైముకి ముందు మూయలేదు నేను. ఎవరూ పలకని రోజుల్లో కూడా అరగంటా కూర్చుని, అయిదు నిమిషాలకోసారి పిలిచి, లాగ్ పుస్తకంలో తారీఖు వేసి లేచేవాణ్ణి.

తెరమీద కనబడే బొమ్మ వెనక ఎవరున్నారో మనకి తెలియదమ్మా. నార్వేలో మాట్స్ స్టీన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. కండరాలు క్షీణించే జబ్బు. చక్రాల కుర్చీలోనే బతుకు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో మాత్రం ఇబెలిన్ అనే పేరుతో తిరిగేవాడు. తోటి ఆటగాళ్లలో చాలామందికి ఏళ్ల తరబడి అతని జబ్బు సంగతే తెలియదు. 2014లో, ఇరవై అయిదేళ్ల వయసులో పోయాడు. తమ బిడ్డకి స్నేహితులే లేరని తల్లిదండ్రులు కుమిలిపోయారు. తీరా చూస్తే ఊరూ పేరూ తెలియనివాళ్ల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆటలో అతని బృందమైన గిల్డువాళ్లు కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకి వచ్చారు. అతని కథ 2024లో డాక్యుమెంటరీగా వచ్చింది, నువ్వే నాకు చూపించావు. చూస్తూ ఏడ్చావు కూడా. అంత కరిగే మనసున్నదానివి, నీ ఎదుట నిలబడ్డ ఆరు బొమ్మల వెనక ఎవరున్నారని ఒక్క క్షణం ఆగి ఆలోచించావా? ఎవరు పిల్లల్ని నిద్రపుచ్చి వచ్చారో, ఎవరు ఆసుపత్రి మంచం మీద నుంచి వచ్చారో. ఏమీ లేదు, ఊరికే వచ్చారే అనుకో. ఊరికే వచ్చినవాళ్లకీ మర్యాద చేయాల్సిందే.

అయిందేదో అయింది. ఆ ఆరుగురి పేర్లూ నీకు తెలుసు, బ్యాండులోని నలుగురి పేర్లూ తెలుసు. ఇవాళే పదిమందికీ విడివిడిగా రాయి. ఒకే ఉత్తరాన్ని పదిమందికి పంపకు. గడియారం తప్పిందనో, నిద్ర చాలలేదనో మొదలుపెట్టకు. నేను అన్న మాట తప్పు అని మొదటి వాక్యంలోనే రాయి.

తర్వాత మళ్లీ పిలువు. నలభై మందిని కాదు, ఆ పదిమందినే. మిగతావాళ్లు వస్తే చోటుంది, రాకపోతే కచేరీ ఆగదు. టైము మేము రాసుకున్నట్టు యూటీసీలోనే రాయి, అది ఏ దేశపు గడియారంతోనూ మారదు. వచ్చే నెల రెండో ఆదివారం 01:00 యూటీసీ. మనకి పొద్దున్న 6:30. ముందు రోజే నేను వచ్చేస్తాను. మీ అమ్మని కూడా లేపి పక్కన కూర్చోబెడదాం. ముందుగా ఆ కీర్తనే ఎత్తుకో.

దాన్ని మొదటి నుంచి చివరి వరకు ఇంకా ఎవరూ వినలేదు.

ఇట్లు,
మీ పెదమావయ్య