బాణీ ఎవరిది?

ఆవకాయ కుదిరితే గుంటూరు కారాన్ని మెచ్చుకుంటారు గానీ, కలిపిన చెయ్యి ఎవరిదని అడిగేదెవరు చెప్పండి! ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతిగారికీ మనం చేసిందదే. 'మల్లీశ్వరి' (1951) పాటలు అందరికీ నోటికొచ్చు. ఆ బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివి. 1954 నాటి 'చక్రపాణి'కి మాత్రం సంగీతం కూడా ఆవిడదే. నవ్వుల సినిమా కదా, సంగీతాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందులోని ఉయ్యాలపాట ఎంత మెత్తగా కట్టారో! నాకైతే 'మల్లీశ్వరి' పాటల పక్కన పెట్టదగ్గది.

నచ్చకపోతే అన్యాయమేమీ లేదు, ఎవరి అభిరుచి వారిది. కట్టిందెవరని అడగనైనా అడక్కపోవడమే అన్యాయమంటాను. మొన్న ఆ పాట వినిపించి మావారినడిగాను. ముగ్గురు సంగీత దర్శకుల పేర్లు చెప్పారు, ముగ్గురూ మగవాళ్ళే. "భానుమతిగారండీ" అన్నాను.

"పాడింది సరేనే, బాణీ ఎవరిదీ?" అన్నారు.