8080 ఎవరి మాట?

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, 1163 నాటి రుద్రదేవుని శాసనం దగ్గర సాగిన సంభాషణ ఇది. తాత కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మనుమరాలు జావాలో వెబ్ సర్వీసులు రాస్తుంది. ఆ వారం ఆమె టీము నడిపే ఒక సర్వీసు 8080 పోర్టు నుంచి 8081కి మారింది. సర్వీసు నిక్షేపంగా నడుస్తోంది. దాన్ని పిలిచే క్లయింటుకు మాత్రం జవాబు అందడం లేదు.

తాత: నడుస్తున్నదంటవు, అందుతలేదంటవు. రెండూ ఎట్ల నిజమైతయి బిడ్డా?

మనుమరాలు: సర్వీసు 8081 దగ్గర వింటున్నది తాతా. క్లయింటు ఇంకా 8080కే పోతున్నది. రెండు ప్రోగ్రాములల్ల ఏ తప్పూ లేదు. నంబరు ఒక్కటే కలుస్తలేదు.

తాత: ఆ నంబరు మిషన్ల ఎక్కడన్న ఉంటదా? చూపెట్టగలవా?

మనుమరాలు: చూపెట్టలేను. మిషన్‌కు ఐపీ అడ్రసు ఉంటది. దాంట్ల ఒకేసారి ఎన్నో ప్రోగ్రాములు నడుస్తుంటయి. వచ్చిన సమాచారం ఏ ప్రోగ్రాముకు ఇయ్యాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియాలె కద. అందుకే ప్రతి టీసీపీ మూటకు ముందు రెండు పోర్టు నంబర్లు రాసి ఉంటయి. ఒకటి పంపినోళ్లది, ఒకటి అందుకునేటోళ్లది. ఒక్కోటి 16 బిట్లు, అంటే 0 నుంచి 65535 దాకా. టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ పెట్టుకుంటే మామూలుగ 8080 తీసుకుంటది. వద్దనుకుంటే సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ల కనెక్టర్ దగ్గర మార్చుకోవచ్చు. స్ప్రింగ్ బూట్‌ల అయితే సర్వర్ డాట్ పోర్ట్ అని ఒక్క లైను.

తాత: వెబ్ సర్వీసుకు తగిన గుణమేదన్న 8080ల ఉన్నదా?

మనుమరాలు: ఏమీ లేదు. వెబ్‌కు 80 అని ముందే పేరు పడ్డది. కానీ యూనిక్స్ మిషన్లల్ల 1024 కన్న చిన్న నంబరు పట్టాలంటే సంప్రదాయంగ రూట్ అధికారం ఉండాలె. అది లేనోళ్లకు 8080 అలవాటైంది. 443 సంగతీ అంతే. ఆ అంకెల భద్రత ఏమీ లేదు. ఎన్‌క్రిప్షన్ లేకుండ దాని మీద మామూలు హెచ్‌టీటీపీ నడిపినా ఎవరూ ఆపరు.

తాత: అయితే ఇది సంకేతం. శబ్దానికీ అర్థానికీ సంబంధం నిత్యం, ఎవరూ పెట్టింది కాదని మీమాంసకులు అన్నరు. నైయాయికులు ఒప్పుకోలేదు. మన అన్నంభట్టు తర్కసంగ్రహంల చెప్పింది న్యాయపక్షమే. ఈ పదం వింటే ఈ అర్థం తెలియాలె అనే ఈశ్వరుని ఇచ్ఛే ఆ సంబంధమన్నడు. మీ నంబర్లకు ఈశ్వరుడెవరు?

మనుమరాలు: అమెరికాల జాన్ పోస్టెల్ అని ఒకాయన ఉండె. ఏ నంబరు దేనికో రాసిన పట్టికను 1970ల నుంచి 1998ల చనిపోయేదాకా ఆయనే చూసుకున్నడు. పత్రికలు ఆయనను ఇంటర్నెట్‌కు దేవుడని సరదాగ రాసినయి కూడా. 1995ల ఫిన్లాండ్‌ల టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాసినప్పుడు, ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23 ఉన్నయి, నడుమ 22 ఖాళీగ ఉన్నదని చూసి అదే అడిగిండు. ఇచ్చిన్రు. ఇప్పుడా పట్టిక ఐఏఎన్‌ఏ చేతిల ఉన్నది.

తాత: అడిగితే ఇచ్చిన దేవుడన్నమాట. మరి మీ 8081 ఎవరి ఇచ్ఛ?

మనుమరాలు: సర్వర్ చూసుకునే అడ్మిన్‌ది. మిషన్‌ను రీస్టార్ట్ చేసినప్పుడు ఇంకో ప్రోగ్రాము ముందుగ లేచి 8080 పట్టుకున్నది. ఒక అడ్రసు మీద ఒక పోర్టును మామూలుగ ఒక్క ప్రోగ్రామే వినగలుగుతది. మాది లేవబోతే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని బైండ్ ఎక్సెప్షన్ వచ్చింది. ఆయన 8081 చేసి సర్వీసును లేపిండు.

తాత: క్లయింటుకు చెప్పలేదు.

మనుమరాలు: ఎక్కడ చెప్పాలన్నదే తిప్పలు తాతా. ఇది సోప్ సర్వీసు. సర్వీసు ఏమేం చేస్తదో, ఎక్కడ దొరుకుతదో చెప్పే డబ్ల్యూఎస్‌డీఎల్ అని ఒక పత్రం ఉంటది. పోర్టు నంబరుతో సహా అడ్రసు దాంట్లనే ఉంటది. క్లయింటు రాసేటోళ్లు డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ అనే పనిముట్టుకు ఆ పత్రం చూపెడితే జావా క్లాసులు తయారైతయి. పత్రాన్ని ఎక్కడి నుంచి తెచ్చిన్రో ఆ జాడ ఆ క్లాసులల్లనే ఉండిపోతది. క్లయింటు లేచినప్పుడల్ల అక్కడికే పోయి పత్రం అడుగుతది.

తాత: ఆగు. సర్వీసు ఎక్కడున్నదో పత్రం చెప్తది. పత్రం ఎక్కడున్నది?

మనుమరాలు: సర్వీసు దగ్గర.

తాత: ఇది అన్యోన్యాశ్రయం. చిరునామా తెలిస్తే కాని పత్రం దొరకదు, పత్రం దొరికితే కాని చిరునామా తెలియదు. తర్కంల దీన్ని దోషమంటరు. నీ కొలువుల ఏమంటరో!

మనుమరాలు: ఇంకోటి కూడా ఉన్నది. కొన్నిసార్లు పత్రంల లోకల్‌హోస్ట్ అని పడుతది. ఆ మాట ఎవరు చదివితే వాళ్ల మిషన్ అని అర్థం. సర్వీసు తన గురించి రాసుకుంటది, చదివిన క్లయింటు తనలో తానే ఎతుక్కుంటది.

తాత: ‘నేను ఇక్కడున్న’ అని ఉత్తరం రాసి, ఊరి పేరు రాయకుంటే అంతే. సరే, పత్రాన్ని పక్కన పెట్టు. సర్వీసునే అడిగితే తన నంబరు తాను సరిగ్గ చెప్పగలదా?

మనుమరాలు: లోపలి నంబరు చెప్పగలదు. బయటోళ్లు ఏ నంబరుకు వస్తున్నరో దానికి తెలియకపోవచ్చు. చానా చోట్ల సర్వీసుకు ముందు ప్రాక్సీ ఉంటది. బయటి మనిషి 443కు వస్తడు, ప్రాక్సీ ఆ మాటను లోపల 8080కి అందిస్తది. డాకర్‌ల అయితే కంటెయినర్ లోపల 8080, బయట 8081 అని తగిలిస్తం. సర్వీసు ఒక్కటే. చూసేటోళ్లను బట్టి నంబరు మారుతది.

తాత: చూసేటోని బట్టి మారేది ఒక్క వస్తువు గుణం కాదు బిడ్డా. న్యాయశాస్త్రంల సంయోగమని ఒకటి చెప్తరు. రెండు ద్రవ్యాలు కలిసినప్పుడు పుట్టి ఆ రెండింటిలనూ ఉంటది. ఒక్కదాంట్ల ఉండదు. మీ నంబరు అట్లాంటిది లెక్కనే ఉన్నది.

మనుమరాలు: కనెక్షన్‌కైతే అది సరిగ్గ సరిపోతది. ఒక టీసీపీ కనెక్షన్‌ను గుర్తు పట్టేది నాలుగింటితోని. ఇటు అడ్రసు, పోర్టు. అటు అడ్రసు, పోర్టు. కానీ రెండు దిక్కులా ఒక్క తీరు కాదు. క్లయింటు తన పోర్టు ఎంచుకోదు. లైనక్స్‌ల అయితే మామూలుగ 32768 నుంచి 60999 నడుమ ఖాళీగున్న నంబరొకటి ఆపరేటింగ్ సిస్టమే ఇస్తది. పని అయిపోయినంక ఇంకొకరికి ఇస్తది. దాని గురించి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

తాత: అయితే పోయేటోనికి స్వేచ్ఛ, ఎదురుచూసేటోనికి కట్టుబాటు.

మనుమరాలు: అవును. అందుకే నంబరును జావా కోడ్‌ల రాయొద్దంటరు. సర్వర్ దిక్కు కాన్ఫిగరేషన్ ఫైల్ల పెట్టాలె, లేదా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోవాలె. క్లయింటు దిక్కు కూడా డబ్ల్యూఎస్‌డీఎల్ కాపీ దగ్గర పెట్టుకొని, ఎండ్‌పాయింట్ అడ్రస్ ప్రాపర్టీకి నడిచేటప్పుడు విలువ ఇయ్యాలె. అప్పుడు నంబరు మారితే మళ్లీ కంపైల్ చేసే పని ఉండదు.

తాత: మార్చుడు అలకైంది. కలుసుడు అలకైందా? మొదలు రెండు కోడ్లల్ల రెండు నంబర్లున్నయి. ఇప్పుడు రెండు ఫైళ్లల్ల రెండు నంబర్లున్నయి.

మనుమరాలు: అది నిజమే. దానికి ఇంకో ఉపాయమున్నది. సర్వర్ పోర్టుకు 0 అని ఇస్తే ఖాళీగున్నది ఏదో ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్ ఇస్తది. సర్వీసు ఆ నంబరును పోయి రిజిస్ట్రీల రాయించుకుంటది. క్లయింటు రిజిస్ట్రీని అడిగి తెలుసుకుంటది. ఎవ్వరూ ఏ నంబరూ గుర్తుపెట్టుకోవద్దు.

తాత: రిజిస్ట్రీ ఏ నంబరు మీద ఉంటది?

మనుమరాలు: జావా ఆర్‌ఎంఐ రిజిస్ట్రీ అయితే మామూలుగ 1099. యురేకా అయితే 8761.

తాత: ఆ నంబరు క్లయింటుకు ఎవరు చెప్పాలె? ఇంకో రిజిస్ట్రీనా?

మనుమరాలు: చెప్పుకుంట పోతే దానికి అంతుండదు.

తాత: అనవస్థ. ఒకదానికి ఆధారం ఇంకోటి, దానికి ఆధారం మరోటి. ఎక్కడో ఒక కాడ, అడగకుండనే తెలిసిన నంబరు ఒకటి ఉండాలె. తర్కంతోని అది తేలదు. ఒకరు మాట ఇయ్యాలె, ఇంకొకరు నమ్మాలె.

మనుమరాలు: నమ్మకమంటే ఇంజినీరింగ్ ఏం మిగిలింది తాతా?

తాత: ఆ మాటను ఎట్ల నిలబెట్టాలన్నదే ఇంజినీరింగ్. ఈ శాసనం చూడు. రుద్రదేవుడు 1163ల తన ప్రతాపం తాను చెక్కించుకున్నడు. ఇది చదివి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు. ఇదే వంశంల గణపతిదేవుడు 1244–45ల బాపట్ల దిక్కున్న మోటుపల్లిల ఇంకో శాసనం వేయించిండు. దాన్ని అభయశాసనమంటరు. అంతకు ముందటి రాజులు, గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలల్ల సొమ్మంత గుంజుకునేటోళ్లు. తాను గుంజుకోనన్నడు గణపతిదేవుడు. ఎగుమతులు, దిగుమతుల మీద ముప్పయింట ఒక వంతు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనన్నడు. ఆ మాటను ఓరుగల్లు కోటల పెట్టుకోలేదు, సరుకు దిగే ఊళ్లనే రాతి మీద చెక్కించిండు.

మనుమరాలు: పిలిచేటోడు ఎవరో తెలియకుండనే ఇచ్చిన మాట.

తాత: అందుకే దానికి విలువ. తెలిసినోనికైతే కబురు పంపి మార్చుకోవచ్చు. తెలియనోనికి ఇచ్చిన మాట మార్చాలంటే కబురు ఎవరికి పంపుతవు?

మనుమరాలు: మా తిప్పలు కూడా అక్కడే ఉన్నయి. క్లయింటు వేరే కంపెనోళ్లది. ఇంకెవరెవరు వాడుకుంటున్నరో మాకు పూర్తిగ తెలియదు. లోపలి నంబరనుకొని 8080ని మేమే బయటోళ్లకిచ్చినం. మిషన్ల సర్దుకునుడు కోసం మార్చుకోవాల్సిన నంబరు, మాట ఇచ్చిన నంబరు ఒక్కటే అయి కూసున్నయి.

తాత: ఆ రెండూ విడదీయి.

మనుమరాలు: బయట 443 ఒక్కటే కనబడాలె, ముందు ప్రాక్సీ ఉండాలె. లోపల 8080 అయినా 8081 అయినా మా ఇష్టం. ఆ జత రాసేది ప్రాక్సీ ఫైల్ల, ఒక్క చేతితోని.

తాత: రాజ్యం మారినా అట్లనే నిలబడ్తది. కాకతీయులు పోయినంక రెడ్డిరాజుల కాలంల అనపోతారెడ్డి 1358ల అదే మోటుపల్లిల వర్తకులకు మళ్లీ శాసనం వేయించిండు. మాట ఇచ్చిన వంశం పోయింది. మాట నిలబెట్టే బాధ్యతను వచ్చినోడు నెత్తికెత్తుకున్నడు. మరి ఇప్పటికే 8080కి పోతున్నోళ్లను ఏం చేస్తవు?

మనుమరాలు: 8080ని పట్టుకున్న ప్రోగ్రాము మాదే, దాన్ని ఇంకో నంబరుకు పంపుతం. టామ్‌క్యాట్‌ల రెండు కనెక్టర్లు పెట్టొచ్చు. కొన్నాళ్లు మా సర్వీసు 8080, 8081 రెండింట్ల వింటది. పాతోళ్లకు పాత తలుపు, ప్రాక్సీకి కొత్త తలుపు.

తాత: ఇప్పుడు 8080కి పోయినోనికి ఏం జవాబొస్తున్నది?

మనుమరాలు: అదే అన్నిటికన్న చెడ్డది తాతా. ఆ పోర్టు దగ్గర ఎవరూ లేకపోతే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వెంటనే తెలిసిపోతది. నడుమ ఫైర్‌వాల్ మింగేస్తే చాలాసేపు చూసి టైమవుట్ వస్తది. ఇక్కడ వేరే ప్రోగ్రాము కూర్చున్నది, 404 అని జవాబిస్తున్నది. సర్వీసు ఉన్నది కాని పేజీ లేదనుకొని క్లయింటోళ్లు రెండు రోజులు తమ కోడ్‌లనే తప్పు ఎతికిన్రు.

తాత: లేదని చెప్పుడు ఒక జ్ఞానం. మౌనం జ్ఞానం కాదు, సందేహమే. ఇంకోడు నీ పేరున జవాబిచ్చుడు భ్రమ. మూడింటిల భ్రమే ముదురు. పాత తలుపు ఎప్పుడు మూస్తవు?

మనుమరాలు: యాక్సెస్ లాగ్‌ల 8080కి ఎవరూ రావట్లేదని తేలిన రోజు.

తాత: కనబడకపోతే లేనట్టేనా? నైయాయికులు ఇక్కడ ఒక షరతు పెట్టిన్రు. యోగ్యానుపలబ్ధి. ఉంటే కనబడి తీరాలె, అట్లాంటిది కనబడకపోతేనే లేదనాలె. ఈ గుడిల ఏనుగు కనబడ్తలేదు, కాబట్టి లేదు. పిశాచం కనబడ్తలేదు, కాబట్టి లేదంటే చెల్లదు.

మనుమరాలు: అంటే, మొదలు ఆ కనెక్టర్ మీద లాగ్ రాయించుతున్ననా అని చూసుకోవాలె. ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోయిన పిలుపు మా లాగ్‌ల పడదు కాబట్టి అదీ చూడాలె. మార్చి నెలల లెక్కలు ముగించేటప్పుడు ఒక్కసారే పిలిచే క్లయింటు ఉండొచ్చు. నెల చూసి మూస్తే వాడు దొరకడు.

తాత: ఏడాది మొత్తం చూడు.

మనుమరాలు: ఏడాది దాకా రెండు పోర్టులు తెరిచిపెట్టమంటే సెక్యూరిటీ టీమోళ్లు ఒప్పుకోరు తాతా. తెరిచిన ప్రతి పోర్టూ దాడికి ఒక దారి. 2020ల ఘోస్ట్‌క్యాట్ అని బయటపడ్డ లోపం టామ్‌క్యాట్ 8009 పోర్టు మీదికే వచ్చింది. అప్పటిదాకా అది అడగకున్నా తెరిచే ఉండేది. చాలామందికి తమ దగ్గర అది తెరిచి ఉన్నదనే తెలియదు.

తాత: నీ మాటా నిజమే. ఆ పోర్టును ఎవరికీ మాట ఇయ్యకుండనే తెరిచి పెట్టిన్రు. నువ్వు 8080 దగ్గర మాట ఇచ్చినవు. మొదటిది ఇయ్యాల్నే మూసెయ్యి. రెండోదాన్ని ఫలానా తారీకున మూస్తమని ఆ తలుపు దగ్గరనే రాసిపెట్టి, ఆ తారీకు దాకా కాపలా కాయి. సెక్యూరిటోళ్లు అడిగితే ఆ తారీకు చూపెట్టు.