చేతిపనియు భగవదర్చనయు

మట్టిపూవులతో తిరుమలేశుని మెప్పించి, బంగారుపూవులతో అర్చించిన తొండమాన్ చక్రవర్తి గర్వము నణచిన కుమ్మరి భీముని కథ భక్తులెరిగినదే. ఆ కథకు చేతులు జోడించు మనమే, మన బిడ్డ మట్టి ముట్టినచో కసరుచున్నాము. ఇది ఎట్టి భక్తి?

చేతిపని ద్వారా విద్య గరపవలెనని 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించెను. బడులలో తకిలీతో నూలు వడకుట కొంతకాలము సాగి, మార్కుల పరుగులో మరుగుపడెను. మన గొలుగొండ ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, వరాహనదీ తీరమున ఏటికొప్పాక గలదు. అచట అంకుడుకొయ్యను మలచి లక్కరంగులద్దు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. మన పిల్లలు ఆ బొమ్మలను కొందురు. ఉలి పట్టుట ఎరుగరు.

మాటలలో దొర్లిన తప్పును వాదముతో కప్పిపుచ్చవచ్చును. వంకరగా తెగిన కొయ్య వాదమునకు లొంగదు. వినయమును, ఓర్మిని నేర్పును. స్వకర్మచేత భగవంతుని అర్చింపుమని గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున ఉపదేశించెను. పనియే ఎరుగని చేయి దేనితో అర్చించును?

చేతిపని ఏ ఒక్క కులమునకో విడువదగినది కాదు; బిడ్డలందరును నేర్వవలసినది. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు పుస్తకసంచి లేని పది దినములను 2020 జాతీయ విద్యావిధానము సూచించినది. పది దినములు చాలునా? ఇల్లే తొలి పనిబడి కావలెను. రేపటి తులసిమాలను అంగడిలో కొనక, బిడ్డచేత కట్టింపుడు.